పాత రంపం మిషను

భద్రాచలం అడవి అంచున ఒక వడ్రంగి ఇల్లు అనుకోండి. రంపం మిషను పాతదైంది. కర్ర వంకరగా తెగుతోంది. "కొత్తది కొందాం" అంటాడు ఇంటాయన. "ఆగయ్యా, ముందు చూద్దాం" అంటుంది ఇంటామె.

కరెంటు ఆపి చూడాలి. రంపం పట్టీ వదులైతే బిగించాలి. మొద్దుబారితే పళ్ళకు పదును పెట్టించాలి. పట్టీ తెగితే అతికిస్తారు. చక్రాల మీది రబ్బరు అరిగినా, బేరింగు గరగరమన్నా, అవి మారిస్తే చాలు. మిషను మార్చే పనిలేదు.

చక్రం పగిలిందా, చట్రం వంగిందా? ఇక దానికి డబ్బు పోయొద్దు. నడుస్తుండగా పట్టీ తెగి ఎగిరితే చెయ్యి పోతుంది. అందుకే చక్రాలకు మూత లేని మిషను ఎంత చవకైనా కొనొద్దు.

సామిల్లుకైతే అటవీ శాఖ లైసెన్సు కూడా ఉండాలి. కేంద్ర కమిటీ అనుమతి లేకుండా కొత్త సామిల్లులు తెరవనివ్వొద్దని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త మిషనుకు అప్పు రాయించుకోక ముందే రేంజి ఆఫీసులో అడిగి రావాలి.