‘ప-త-క’ అనండి చూద్దాం

పక్షవాతంతో మాట పడిపోయిన వాళ్లు స్పీచ్ థెరపీకి వస్తే, నేను ముందుగా ‘ప-త-క, ప-త-క’ అని గబగబా అనిపిస్తాను. ‘ప’కు పెదాలు కలవాలి, ‘త’కు నాలుక కొస పళ్లకు తగలాలి, ‘క’కు నాలుక వెనక భాగం అంగిట్లోకి లేవాలి. కొందరు ‘ప’ దగ్గరే ఆగిపోతారు. పెదాలు బిగుస్తాయి, విడిపోతాయి, నాలుక అటూ ఇటూ తడుముకుంటుంది, చివరికి ‘మ’లాంటిదేదో బయటికొస్తుంది. కండరాల్లో బలం లేక కాదు, అన్నం చక్కగానే నములుతారు. ఏ కదలిక తర్వాత ఏది రావాలో వరస పేర్చే పని మెదడులో దెబ్బతింది. దీన్ని అప్రాక్సియా అంటాం.

“బాబాయిగారూ, ఒకటి నుంచి లెక్కపెట్టండి” అంటే అదే మనిషి పది దాకా గడగడా చెప్పేస్తాడు. ‘ఏడు’ ఒక్కటీ అనమంటే రాదు. నోటికి పాతబడ్డ మాట వేరు, అప్పటికప్పుడు కూర్చుకునే మాట వేరు. పక్కనున్న కొడుకేమో “నాన్నకి ఏమీ తెలీడం లేదండీ” అంటాడు, ఆయన వింటుండగానే! అన్నీ తెలుస్తున్నాయి నాయనా.

ఇలాగే పారిస్‌లో లెబోర్న్ అనే రోగి ఏం అడిగినా ‘టాన్’ అనేవాడు, కోపమొస్తే మాత్రం తిట్టు నోట్లోంచి వచ్చేది. 1861లో అతను చనిపోయాక వైద్యుడు పాల్ బ్రోకా మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మాటకు చోటు ఇదేనన్నాడు; అదే బ్రోకా ప్రాంతం. దాచి ఉంచిన ఆ మెదడునే 2007లో ఎమ్మారైతో మళ్లీ పరీక్షిస్తే, దెబ్బ చాలా లోతుకు దిగిందని తేలింది. ఒక్క బ్రోకా ప్రాంతంతో మాటంతా అయిపోదు. పెదాలు, దవడ, నాలుక, స్వరపేటిక కదలికలకు ఆజ్ఞలిచ్చే పట్టీ దాని వెనకే ఉంది.

ఆ పట్టీ మీద 2013లో న్యూరోసర్జన్ ఎడ్వర్డ్ చాంగ్ బృందం ఎలక్ట్రోడ్లు పరిచి, మూర్ఛ రోగుల చేత బా, డా, గా అనిపించింది. పెదాలతో పలికే హల్లులకు మెదడు చూపే తీరు ఒక జట్టు, నాలుక కొసవి ఒక జట్టు, వెనక భాగానివి మరో జట్టు. అక్షరమాలలో మనం నేర్చుకున్న ప, త, క వర్గాలు గుర్తుకురాక మానవు!

ఈ ఆజ్ఞలు కింది నరాలకు చేరే దారే తెగిపోతే? స్ట్రోక్‌తో మాట పోయి 18 ఏళ్లయిన కెనడా మహిళ ఒకరికి చాంగ్ బృందమే మెదడు మీద 253 ఎలక్ట్రోడ్లు పెట్టింది. గొంతు పలక్కపోయినా, ఆమె పలకబోయిన ప్రతిసారీ పైనుంచి ఆజ్ఞ వస్తూనే ఉంది. కంప్యూటర్ దాన్ని పట్టుకుని నిమిషానికి 78 మాటలు రాసింది.