పొట్ట పెరిగితే పోటు పెరుగును

రక్తపోటు ఉన్నదని తెలిసి నా వద్దకు వచ్చేవారిలో చాలామంది ముందుగా అడిగే ప్రశ్న "ఉప్పు మానితే చాలునా?" అని. ఉప్పు తగ్గించవలసినదే. కాని పొట్ట చుట్టూ పేరుకొన్న కొవ్వును అట్లే ఉంచుకొని ఉప్పు ఒక్కటే తగ్గిస్తే పూర్తి ఫలితం దక్కదు.

మన ప్రాచీన గ్రంథాలలో రక్తపోటు అనే పేరుతో వ్యాధి లేదు. అయితే చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలుని స్థితి విపులంగా వివరింపబడినది. మేదస్సు మార్గాలను ఆవరించగా వాయువు కోష్ఠంలోనే సంచరిస్తూ జఠరాగ్నిని ప్రజ్వరిల్లజేస్తుంది. ఆకలి అధికమవుతుంది, తిన్నదంతా మేదస్సుగానే మారుతుంది. కనుకనే కృశించినవానికంటే స్థూలునికి చికిత్స చేయుట కష్టమని గురుకులంలో మేము చదువుకొన్నాము.

ఆధునిక వైద్యులు దీనిని మరొక విధంగా వివరిస్తున్నారు. పొట్ట లోపలి కొవ్వు మూత్రపిండాలను ఒత్తుతుంది. ఉప్పును, నీటిని శరీరంలో నిలిపివేసే హార్మోన్లు అధికమవుతాయి. నాడుల ప్రేరణవల్ల రక్తనాళాలు బిగుసుకొంటాయి. గుండె మరింత బలంగా రక్తాన్ని నెట్టవలసి వస్తుంది.

ఇంట్లో దర్జీ టేపు ఉంటే చాలు. పక్కటెముకల అడుగుకు, తుంటి ఎముక పైభాగానికి నడుమ, ఊపిరి విడిచి కొలుచుకోండి. మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. దాటినవారు ఏ బాధా లేకున్నా రక్తపోటు చూపించుకోవాలి. 140/90 చేరినా పలువురికి ఏ లక్షణమూ కనిపించదు.

అట్లని కఠినోపవాసాలు కూడదు. రగిలిన అగ్నికి ఆహారం అందకపోతే వాయువు ప్రకోపిస్తుంది. కడుపు నింపుతూ కొవ్వు పెంచని ఆహారమే ఇందుకు తగినది. రాత్రి అన్నానికి బదులు జొన్నరొట్టె, కూర, పలుచని మజ్జిగ, వారానికి రెండు మూడు మార్లు ఉలవలు లేదా పెసలు తీసుకోండి. ఊరగాయ, అప్పడం, వడియాలలోని ఉప్పుతో కలిపి రోజుకు ఒక చెంచా, అనగా 5 గ్రాములు మించరాదు. పగటినిద్ర మానండి. ప్రతిదినం అరగంట వడిగా నడవండి.

ఒక కిలో బరువు తగ్గితే పోటు సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. ఐదారు కిలోలు తగ్గితే అది స్వల్పలాభం కాదు. అంతమాత్రాన వేసుకొంటున్న మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు. ఆ నిర్ణయం పోటును కొలిచి చూచే వైద్యునిది. నడుము కొలత తగ్గించుకొనుట మాత్రం మీ చేతిలోని పని.