చుట్టానికి షుగరుంటే పాయసం మానాలా?
దాలి నాటి నిదానపు వంటే దారి చూపుతోంది

నార్కట్‌పల్లి: మాఘమాసంలో చెరువుగట్టు జాతర వచ్చిందంటే మన చుట్టుపక్కల పల్లెల్లో చుట్టం రాని ఇల్లుండదు. చుట్టం వచ్చిన ఇంట్లో తీపి వండకుండా ఉండరు. అయితే ఇప్పుడు పంక్తిలో కూర్చున్న వారిలో ఒకరిద్దరైనా పాయసానికి చేయి అడ్డం పెడుతున్నారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. ఇది పట్నం జబ్బు అని పల్లెటూళ్లు నిశ్చింతగా ఉండే కాలం పోయింది.

"బెల్లమే కదా బావా, ఏం కాదు తిను" అని బలవంతం చేయడం మన మర్యాద. కాని బెల్లమైనా, తేనె అయినా, చక్కెర అయినా రక్తంలో చేరాక చేసే పని ఒక్కటే. ఈ మర్యాద చుట్టానికి చేటు. మరి తీపి పెట్టడమెలా?

మన దాలి, వాళ్ల కుక్కరు

వెనుక మన ఇళ్లలో దాలి ఉండేది. గుంటలో పిడకల నిప్పు రాజేసి, పాలకుండ పెట్టి మూత వేస్తే సాయంత్రానికి పాలు ఎర్రబారి, మందంగా మీగడ కట్టేవి. చక్కెర వేయకుండానే ఆ పాలకు ఒక కమ్మదనం వచ్చేది. ఇదే పద్ధతి కరెంటుతో నడిచేది స్లో కుక్కర్. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన దీనికి 1940లో పేటెంటు పొందారు. 1971 నుంచి క్రాక్‌పాట్ పేరుతో అది ఇంటింటికీ చేరింది. 200 వాట్ల కుక్కరు ఐదు గంటలు నడిచినా అయ్యేది ఒక యూనిట్ కరెంటే.

వాడేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. పాత్ర సగానికి పైన, మూడు వంతుల్లో రెండు వంతులకు మించకుండా నింపాలి. మాటిమాటికీ మూత తీస్తే వేడి పోయి వంట ఆలస్యమవుతుంది. రాజ్మా గింజలను నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, విడిగా పది నిమిషాలు తెర్లనిచ్చిన తరువాతే ఇందులో వేయాలి. లేకుంటే వాటిలోని విషపదార్థం పోదు. కరెంటు పోయి గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోయిన వంట తినరాదు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే కుక్కరు 120 వోల్టులది. మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. కుక్కరు లేనివారికి సన్నని సెగ మీద మందపాటి గిన్నె చాలు.

శనగపప్పు పాయసం

పచ్చిశనగపప్పు బియ్యంలాగా రక్తంలో చక్కెరను చప్పున పెంచదు. ఆరుగురికి 100 గ్రాముల పప్పు రెండు గంటలు నానబెట్టి, పొయ్యి మీద ఒక తెర్లు రానిచ్చి, నీళ్లతో సహా కుక్కరులో పోయాలి. మూడు నాలుగు గంటల్లో ఉడుకుతుంది. పలుకు మెత్తబడితే చాలు, పిండి కానీయరాదు. కాచిన పాలు అర లీటరు చివరి అరగంటలో పోయాలి. ముందే పోస్తే విరిగే ప్రమాదముంది. దాల్చినచెక్క, యాలకులు, వేయించిన పల్లీల పొడి వేయాలి.

అసలు కిటుకు ఇక్కడుంది. షుగరున్న చుట్టం వంతు ముందుగా తీసి, ఆ తరువాతే మిగిలిన వారికి బెల్లం కలపాలి. ఒకే కుండ పాయసం అందరి విస్తట్లోకీ వస్తుంది. చుట్టాన్ని వేరు చేసినట్టూ ఉండదు. ఒక చిన్న గిన్నెడు చాలు. ఆ పూట అన్నం రెండు పిడికెళ్లు తగ్గించుకోవాలి.

కొర్రలతో చేస్తే ఎంతైనా తినవచ్చుననుకోవడం పొరపాటు. ఏ గింజనైనా జావలాగా ఉడికించిన కొద్దీ తొందరగా అరిగి చక్కెర పెంచుతుంది. మన జిల్లా బత్తాయినీ రసం పిండి ఇవ్వకుండా, నాలుగు తొనలు ఒలిచి చిక్కని పెరుగుతో పెడితే మంచిది.

వేళకు పెట్టడమే పెద్ద మర్యాద

తీపి కన్నా ముఖ్యమైనది వేళ. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకున్న చుట్టానికి భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, తడబాటు వస్తాయి. కొన్ని మాత్రలతోనూ ఇంతే. అప్పుడు మాత్రం చక్కెరే మందు. మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంటకు తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

కనుక ఈసారి చుట్టం గడపలో కాళ్లు కడుక్కోగానే "మందు వేసుకున్నావా? ఎన్ని గంటలకు తింటావు?" అని అడగండి. కుండ నిదానంగా ఉడికినా ఫరవాలేదు గాని, విస్తరి ఆలస్యం కారాదు.