కంపెనీ మూతపడితే దానికి కట్టాల్సిన బాకీ మాఫీ అవుతుందా?

కంపెనీ ఆఫీసుకు తాళం పడింది, ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. ఇక దానికి ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బుద్వేల్ నుంచి శంషాబాద్ దాకా ట్రావెల్స్, గోదాములు, క్యాటరింగ్, చిన్న కాంట్రాక్టులతో బతికే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

2016 నాటి దివాలా చట్టం ప్రకారం, నిలబెట్టే దారి లేని కంపెనీని మూసి ఆస్తులు అమ్మేయమని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశిస్తుంది. దీన్నే లిక్విడేషన్ అంటారు. లాంకో ఇన్‌ఫ్రాటెక్ విషయంలో ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్ 2018 ఆగస్టులో ఇలాగే ఆదేశించింది. జెట్ ఎయిర్‌వేస్‌ను మూసేయమని 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టే చెప్పింది.

డబ్బు ఎవరికి కట్టాలి?

ఆదేశం వచ్చిన రోజు నుంచి డైరెక్టర్ల అధికారం పోతుంది. అంతా లిక్విడేటర్ చేతిలోకి వస్తుంది. కంపెనీకి బయటి నుంచి రావలసిన బాకీలు కూడా ఆస్తి కిందే లెక్క. వాటిని వసూలు చేయడం ఆయన బాధ్యత. ఇవ్వకపోతే ట్రిబ్యునల్ అనుమతితో దావా వేయవచ్చు. పాత బాకీ కదా, మూడేళ్లు దాటిందిలే అని ధీమా పడకూడదు. దివాలా కేసులో మారటోరియం నడిచిన కాలాన్ని ఆ గడువు లెక్కలోంచి తీసేస్తారు.

పాత మేనేజర్ వచ్చి "నాకు ఇచ్చేయండి, నేను చూసుకుంటా" అంటే ఇవ్వొద్దు. ఆ డబ్బు కంపెనీ ఖాతాకు చేరకపోతే లిక్విడేటర్ మళ్లీ అడుగుతారు. కట్టే ఖాతా పేరులో కంపెనీ పేరు తర్వాత "ఇన్ లిక్విడేషన్" అని ఉండాలి. లిక్విడేటర్ పేరును దివాలా బోర్డు, అంటే ఐబీబీఐ, వెబ్‌సైట్‌లోని ప్రకటనలో సరిచూసుకోవచ్చు. ఆ ప్రకటన పేపర్లలోనూ వస్తుంది.

ఇద్దరికీ బాకీ ఉంటే?

ఉదాహరణకు, ఒక ట్రావెల్స్ యజమాని కంపెనీకి 3 లక్షలు ఇవ్వాలి. కార్లు తిప్పిన బిల్లు కింద కంపెనీ ఆయనకు 2 లక్షలు ఇవ్వాలి. లిక్విడేషన్‌లో ఈ రెండింటినీ చెల్లు వేసి, మిగిలిన లక్ష కడితే సరిపోతుంది. బిల్లులు, ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించాలి. తనకు రావలసిన దానికి 30 రోజుల్లోగా క్లెయిమ్ కూడా వేసుకోవాలి. అయితే కంపెనీని బతికించే ప్రయత్నం ఇంకా సాగుతున్న దశలో ఇలా చెల్లు వేసుకోవడం సాధారణంగా కుదరదని ఎయిర్‌టెల్-ఎయిర్‌సెల్ కేసులో సుప్రీంకోర్టు 2024 జనవరిలో తేల్చింది.

ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

ముందు లిక్విడేషన్ ఖర్చులు తీరుస్తారు. తర్వాత కార్మికులకు 24 నెలల వరకు ఉన్న జీతం బకాయి, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల అప్పు ఒకే వరుసలో వస్తాయి. మిగతా ఉద్యోగుల 12 నెలల బకాయి ఆ తర్వాత. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు ఈ పంపకంలో కలవవు. అంటే బయట ఆగిపోయిన ప్రతి బాకీ వల్ల డ్రైవర్‌కో లోడర్‌కో అందాల్సిన జీతం తగ్గవచ్చు.

నోటీసు వస్తే

పక్కన పడేయకుండా రాతపూర్వకంగా జవాబివ్వాలి. లెక్క తప్పనిపిస్తే కాగితాలు జతచేసి ఆ మాటే రాయాలి. కట్టాక రసీదు తీసుకోవాలి. బాకీని వేరేవాళ్లు కొనుక్కున్నామని వస్తే, బదిలీ పత్రం చూడకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. కేసు దాకా వెళ్తే ట్రిబ్యునల్ ఉన్నది నాగోల్ దగ్గరి బండ్లగూడలో. బుద్వేల్ పక్కనున్న బండ్లగూడ జాగీర్ అనుకుని అక్కడికి వెళ్లకూడదు.