పెద్ద బైక్ హ్యాండిల్‌పై మీ కెమెరా ఫోన్ పెడుతున్నారా? బందరు రైడ్‌కి ముందు ఇది చదవండి

హైదరాబాద్ నుంచి బందరుకి ఎన్‌హెచ్ 65 ఒక్కటే దారి. దాదాపు 340 కిలోమీటర్లు. స్పోర్ట్స్ టూరర్ ఉన్నవాళ్లకి వీకెండ్‌లో ఇంతకన్నా మంచి రైడ్ దొరకదు. గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ చుట్టి రావచ్చు. నేను నడిపేది కవాసకి నింజా 1000ఎస్ఎక్స్: 1,043 సీసీ, నాలుగు సిలిండర్లు, 142 పీఎస్ పవర్, 19 లీటర్ల ట్యాంక్. దీని డిస్‌ప్లే బ్లూటూత్‌తో కాల్ నోటిఫికేషన్ చూపిస్తుంది కానీ మ్యాప్ చూపించదు. అందుకే చాలామంది హ్యాండిల్‌కి ఒక మౌంట్ బిగించి, అందులో తమ ఖరీదైన ఫోన్ పెట్టేస్తారు. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

కెమెరాకి ఏమవుతుంది?

ఈ రోజుల్లో మంచి ఫోన్లన్నింటిలో ఓఐఎస్ ఉంటోంది. అంటే ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్. మన చెయ్యి వణికితే జైరోస్కోప్ పసిగడుతుంది. వెంటనే చిన్న అయస్కాంతాలు, కాయిల్స్ లెన్స్‌నో సెన్సర్‌నో ఎదురు దిశలో కదుపుతాయి. ఫొటో షార్ప్‌గా వస్తుంది. చేతి వణుకు సెకనుకు మహా అయితే పది, పదిహేను సార్లు. ఓఐఎస్‌ని తయారు చేసింది దాని కోసమే.

ఇప్పుడు ఇంజిన్ లెక్క చూడండి. 6,000 ఆర్‌పీఎం అంటే క్రాంక్ సెకనుకు 100 సార్లు తిరుగుతుంది. వరుసగా నాలుగు సిలిండర్లున్న ఇంజిన్‌లో ప్రధానంగా మిగిలే కంపనం దానికి రెట్టింపు, అంటే 200 హెర్ట్జ్. చేతికి అది సన్నటి జుమ్ములా తగులుతుంది, అంతే. 'నా బైక్ చాలా స్మూత్ బాస్' అని అందుకే అనుకుంటాం. కానీ స్ప్రింగుల మీద వేలాడే ఆ చిన్న లెన్స్ ఆరు గంటల పాటు ఆ జుమ్ముని భరించాలి.

ఇది రైడర్ల పుకారు కాదు. అధిక శక్తి గల మోటార్‌సైకిల్ ఇంజిన్ల కంపనాల వల్ల కెమెరా పనితీరు దెబ్బతినొచ్చని, అలాంటి బైక్‌లకి ఐఫోన్ బిగించొద్దని యాపిల్ 2021 సెప్టెంబర్‌లోనే తన సపోర్ట్ పేజీలో చెప్పింది. స్కూటర్లు, మోపెడ్‌లకైనా కంపనాన్ని తగ్గించే మౌంట్ వాడమంది. ఓఐఎస్ ఉన్న ఏ కంపెనీ ఫోన్‌కైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. మా రైడింగ్ గ్రూప్‌లో ఒకాయన ఫోన్ ఒక లాంగ్ రైడ్ తర్వాత ఫోకస్ పట్టడం మానేసింది. చివరికి కెమెరా మాడ్యూలే మార్చాల్సి వచ్చింది.

మీ ఫోన్ దెబ్బతిందో లేదో ఇలా చూడండి

- కెమెరా తెరిచి, ఫోన్‌ని టేబుల్‌కి ఆనించి కదలకుండా పెట్టండి. దృశ్యం జెల్లీలా ఊగుతుంటే అనుమానించాలి.
- మెయిన్ కెమెరా ఊగుతూ, అల్ట్రావైడ్ మాత్రం నిలకడగా ఉంటే ఓఐఎస్ మీదే అనుమానం. చాలా ఫోన్లలో అల్ట్రావైడ్‌కి ఓఐఎస్ ఉండదు.
- ఫోన్ ఊపితే లోపల చిన్నగా టకటక వినిపించడం చాలా ఓఐఎస్ ఫోన్లలో మామూలే. దానికి కంగారు పడొద్దు.

డెల్టా రోడ్లలో స్క్రీన్ చూడటం ఇంకో ప్రమాదం

గంటకి 100 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు మ్యాప్ చూస్తే 55 మీటర్లు కళ్లు మూసుకుని వెళ్లినట్టే. హైవే దాటి లోపలికి వెళ్లాక 60లో వెళ్లినా 33 మీటర్లు. ఇక్కడ రోడ్డు చాలాచోట్ల కాలవ గట్టు మీదే. కోతల సీజన్‌లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. సాయంత్రం గేదెలు ఇంటికి మళ్లుతుంటాయి. 142 పీఎస్ బండి మీద ఉన్నప్పుడు కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

మరి దారి ఎలా తెలుస్తుంది?

చెవితో. ఫోన్‌ని జాకెట్ లోపలి జేబులో పెట్టి, హెల్మెట్‌కి బ్లూటూత్ ఇంటర్‌కామ్ తగిలించండి. గూగుల్ మ్యాప్స్‌లో వాయిస్‌ని తెలుగులోకి మార్చుకోవచ్చు. నిజానికి ఈ రూట్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన మలుపులు కొన్నే. విజయవాడ వైపు నుంచి వస్తే పామర్రు దగ్గర ఎడమకి గుడివాడ, నేరుగా బందరు, కుడికి కూచిపూడి మీదుగా చల్లపల్లి. అక్కడి నుంచి మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ.

నాగాయలంక, హంసలదీవి వైపు వెళ్లేముందు ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ పోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఎందుకంటే అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. సిగ్నల్ లేకపోతే రానిది మ్యాప్ బొమ్మ మాత్రమే.

స్క్రీన్ కావాల్సిందే అంటారా? ఓఐఎస్ లేని పాత ఫోన్ ఇంట్లో ఉంటే దాన్ని మౌంట్‌లో పెట్టండి. అది కూడా లేకపోతే క్వాడ్ లాక్ లాంటి కంపెనీలు విడిగా అమ్మే వైబ్రేషన్ డ్యాంపెనర్ వాడండి. దానితో కంపనం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఎండ, ఉప్పు, తుపాను

ఐఫోన్ పనిచేయడానికి యాపిల్ చెప్పే గరిష్ఠ వాతావరణ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. మే నెలలో గుడివాడలో మధ్యాహ్నం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఎండలో వైర్‌లెస్ ఛార్జింగ్ మౌంట్ వాడితే వేడి ఇంకా పెరుగుతుంది. కేబుల్ మేలు.

మంగినపూడి బీచ్‌లో ఐపీ68ని నమ్మి ఫోన్ తడపొద్దు. ఆ పరీక్ష మంచినీటిలో చేసేది. ఛార్జింగ్ పోర్ట్‌లో ఉప్పునీటి తడి ఉండగా కేబుల్ గుచ్చితే పిన్నులు తుప్పు పడతాయి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుపాన్ల కాలం. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేల మందిని బలి తీసుకుంది. అప్పట్లో హెచ్చరిక చాలామందికి అందలేదు. ఇప్పుడు ఎన్‌డీఎంఏ వారి సచేత్ యాప్ ఉంది. ఆ నెలల్లో రైడ్‌కి బయలుదేరేముందు ఇన్‌స్టాల్ చేసుకుని చూడండి. హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.

ఫైనల్‌గా నా సలహా

ఫొటోలు తీసే ఫోన్ జేబులో, దారి చెవిలో, కళ్లు రోడ్డు మీద. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే మౌంట్ కన్నా ముందు ఇంటర్‌కామ్ కొనండి. అలా వెళ్తే హంసలదీవి సాగరసంగమం దగ్గర ఫొటో తీయడానికి మీ కెమెరా బాగా పనిచేస్తూనే ఉంటుంది.