ఊపిరి పోసిన చోటే భయం పుట్టింది!

'ది షైనింగ్' చూసి రాత్రంతా లైటు ఆర్పని వీరులెందరో! మరి ఆ భయం ఎక్కడ పుట్టిందో తెలుసా?

క్షయతో బాధపడుతూ 1903లో అమెరికాలోని కొలరాడో కొండలకి చేరాడు ఆవిరి కార్ల తయారీదారు ఎఫ్.ఓ.స్టాన్లీ. కొండగాలికి కోలుకున్నాడు. 1909లో అక్కడే దర్జాగా స్టాన్లీ హోటల్ తెరిచాడు. 91 ఏళ్లు బతికాడు!

1974లో, సీజన్ ముగిసే వేళ, రచయిత స్టీఫెన్ కింగ్ భార్యతో వచ్చి దిగాడు. హోటలంతా ఖాళీ! 217వ నెంబరు గదిలో పీడకల... ఉలిక్కిపడి లేచాడు. తెల్లారేలోగా కథ రూపుకట్టింది. 1977లో నవలగా వచ్చింది.

1980లో కుబ్రిక్ దాన్ని సినిమా తీశాడు. కానీ అందులో ఈ హోటల్ లేదు! బయట కనిపించేది ఆరెగాన్‌లోని టింబర్‌లైన్ లాడ్జి. లోపలంతా ఇంగ్లండులో వేసిన సెట్లు. ఆ సినిమా నచ్చని కింగ్, 1997లో టీవీ సిరీస్‌ని పట్టుబట్టి స్టాన్లీలోనే తీయించాడు.

ఆరోగ్యం కోసం వెలసిన హోటల్‌కి ఇప్పుడు జనం భయపడ్డానికి వెళ్తున్నారు. సినిమా మహిమంటే ఇదే మరి!