కర్త లేని వార్త

ఇంగ్లీషు పత్రికల్లో ఒక అలవాటుంది. జరిగిన పని ముందు చెబుతారు. చేసినవాణ్ణి వాక్యం చివరికి నెడతారు, లేదా అసలే చెప్పరు. వ్యాకరణంలో దీన్ని కర్మణి ప్రయోగం అంటాం. ఈ అలవాటు తెలుగు వార్తలోకి ఎట్లా వచ్చింది, వచ్చి ఏం చేస్తున్నది అన్నది విమర్శకులు పట్టించుకోవలసిన విషయం. కథలో, కవితలో వర్గదృష్టిని వెదికే మనం, రోజూ లక్షలమంది చదివే వార్తావాక్యాన్ని వదిలేయటం సబబు కాదు.

ఇంగ్లీషు విలేకరి కర్మణిని ఆశ్రయించటానికి న్యాయమైన కారణాలు లేకపోలేదు. ఆ భాషలో మాటల వరుసే కర్త ఎవరో, కర్మ ఏదో నిర్ణయిస్తుంది. చనిపోయినవారితో వార్త మొదలుపెట్టాలంటే క్రియారూపాన్ని మార్చక తప్పదు. చేసినవాడెవడో తెలియనప్పుడు, నేరం రుజువు కానప్పుడు కూడా కర్మణి అక్కరకొస్తుంది.

తెలుగుకు ఈ ఇబ్బంది లేదు. మనకు విభక్తులున్నాయి. ‘ముగ్గురు కూలీలను పోలీసులు అరెస్టు చేశారు’ అంటే కూలీలు ముందుకొచ్చారు, పోలీసులు కర్తలుగానే ఉన్నారు, వాక్యం కర్తరిగానే ఉంది. కర్త పేరు తెలియకపోతే ‘కూలీలను అరెస్టు చేశారు’ అన్నా చాలు. అయినా బడిలో నేను పిల్లలచేత ‘రాముడు రావణుని చంపెను’ అన్నదాన్ని ‘రావణుడు రామునిచే చంపబడెను’ అని మార్పిస్తూనే ఉంటాను. పరీక్షలో అడుగుతారు గనక. ఏ తల్లీ ఇంట్లో ‘అన్నం వండబడింది, రా’ అని బిడ్డను పిలవదు.

మరి పత్రికల్లోకి ఈ ‘బడు’ ఎట్లా వచ్చింది? దశాబ్దాలపాటు దేశవిదేశాల వార్తలు పీటీఐ, యూఎన్ఐ వంటి సంస్థల నుంచి ఇంగ్లీషులో వచ్చేవి. ఉపసంపాదకుడు గడియారం చూసుకుంటూ వాటిని తెలుగు చేసేవాడు. అక్కడి వాక్యనిర్మాణమే ఇక్కడ ‘నిర్ణయించబడింది’, ‘ప్రకటించబడింది’ అయింది. ప్రభుత్వ ఉత్తర్వుల భాష దానికి తోడయింది. తర్వాత పత్రికలు వాడుకభాషకు దగ్గరై ‘బడు’ను చాలావరకు ఏరివేశాయి. అది మంచిదే.

అయితే కలుపు అంతటితో పోలేదు. ‘కాల్పులు జరపబడ్డాయి’ పోయి ‘కాల్పులు జరిగాయి’ వచ్చింది. వ్యాకరణం ప్రకారం ఇది కర్మణి కాదు. కానీ కాల్చినవాడు ఇందులోనూ లేడు. పైగా వాన కురిసినట్టు, పొద్దు పొడిచినట్టు, కాల్పులు వాటంతట అవే జరిగాయన్న భావం కలుగుతుంది. ‘కాల్చారు’ అన్నప్పుడు చివరి ‘రు’ మనుషులు చేశారని చెబుతుంది. ‘జరిగాయి’లో ఆ గుర్తు చెరిగిపోయింది. ‘కాల్పుల్లో ముగ్గురు మరణించారు’లో ‘రు’ ఉంది గాని, అది చచ్చినవారిది, చంపినవారిది కాదు.

2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీకి బయలుదేరిన ప్రదర్శకుల మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, భూమికోసం సాగిన ఉద్యమంలో బంద్ నాడు పోలీసులు కాల్చి ఏడుగురిని చంపారు. ఈ రెండు సంఘటనలనూ ‘జరిపారు’ అని రాయవచ్చు, ‘జరిగాయి’ అనీ రాయవచ్చు. తేడా ఒకటి రెండు అక్షరాలే. కానీ ఆ అక్షరాల్లోనే బాధ్యత ఉంది.

జార్జి ఆర్వెల్ 1946లో రాజకీయాల భాష గురించి రాసిన వ్యాసంలో, కర్తరి వాడగలిగిన చోట కర్మణి వాడవద్దన్నాడు. ఇంగ్లీషుకు అది మంచి సలహా. తెలుగుకు అది చాలదు. ‘కూలీలు మోసపోయారు’ అన్నది అచ్చమైన తెలుగు, కర్తరి వాక్యం కూడా. అయినా మోసగించిన మేస్త్రీ దానిలో కనపడడు, తప్పంతా కూలీల అమాయకత్వానిదే అయినట్టుంటుంది. కాబట్టి మనం వెదకవలసింది ‘బడు’ను కాదు, కర్తను.

మా కొడవలూరు మండలంలోనే చూడండి. రాచర్లపాడు దగ్గర ఎరువుల కర్మాగారం కోసమని ఇఫ్కోకు సేకరించిన భూమి 2,700 ఎకరాలకు పైచిలుకు. కర్మాగారం రాలేదు, తర్వాత అది కిసాన్ సెజ్ అయింది. ఇటువంటి చోట ‘భూసేకరణ జరిగింది’ అని రాస్తే నాలుగు ప్రశ్నలు మాటున పడతాయి: ఎవరు సేకరించారు? ఎవరి దగ్గర? ఏ ధరకు? ఎవరికోసం? పై వాక్యంలో నేను రాసిన ‘సేకరించిన’ అన్న మాటలోనూ కర్త లేడు, గమనించే ఉంటారు. ఆ కర్త ప్రభుత్వం. క్రియను నామంగా మార్చినా, విశేషణంగా మార్చినా కర్తను దాచటం ఇంత తేలిక.

నిష్పాక్షికత కోసమే ఇట్లా రాస్తామని విలేకరులు అనవచ్చు. రుజువు కాని నేరాన్ని ఒకరికి అంటగట్టమని నేననను. దొంగ దొరకనప్పుడు ‘దొంగతనం జరిగింది’ అనటమే ధర్మం. కానీ పోలీసులే తాము కాల్చామని ఒప్పుకున్నాక కూడా ‘జరిగాయి’ అనటంలో నిష్పాక్షికత ఏముంది? వివాదముంటే ‘పోలీసులు ఇట్లా చెబుతున్నారు, గ్రామస్థులు ఇట్లా చెబుతున్నారు’ అని ఇద్దరినీ కర్తలుగా నిలబెట్టవచ్చు. దానికి తెలుగులో ఏ అడ్డూ లేదు.

బళ్లలో కర్తరి, కర్మణి మార్పిడి ఎట్లాగూ చేయిస్తున్నాం. దానికి మరొక్క ప్రశ్న చేర్చమని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను: ఆ రోజు పేపరులోంచి ఒక వార్త చదివించి, ‘ఇందులో పని చేసినవాడెవరు? పేరు రాశారా, లేదా?’ అని అడగండి. పదో తరగతి పిల్లలు దీనికి జవాబు చెప్పగలరు.